ఐదేళ్లు మూలన పడి ఉన్న ఇంజెక్షన్ బైకు: తాళం తిప్పకముందు చేయవలసిన పని

ఇంట్లో ఒకరు ఉద్యోగం మీద దూరదేశం వెళ్లడం, వారి బైకు మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని నాలుగైదేళ్లు ఉండిపోవడం గోదావరి జిల్లాల్లో కొత్త సంగతి కాదు. కాకినాడలో మా తోడల్లుడి ఇంట్లో అలా ఉండిపోయినది 2014లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500. అతను 2019లో కువైట్ వెళ్లాడు. మధ్యలో కరోనా వచ్చింది, సెలవులు కుదరలేదు, ఒకసారి వచ్చినా పది రోజుల్లో తిరిగి వెళ్లిపోయాడు. 2024 సంక్రాంతికి నెలన్నర సెలవు మీద వచ్చి, విమానం దిగిన మర్నాడే ఫోను చేసి, "అన్నయ్యా, కొత్త బ్యాటరీ తెప్పించాను, సాయంత్రం వస్తే సెల్ఫ్ కొట్టి చూద్దాం" అన్నాడు. బ్యాటరీని అట్టపెట్టెలోనే ఉంచమనీ, బైకుకు తాళం కూడా పెట్టవద్దనీ చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానో, ఆ తరువాత పది రోజులు ఏమేమి చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణ క్లాసిక్ 500దే అయినా, పని వరుస ఏ ఇంజెక్షన్ బైకుకైనా, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టరు అనే సన్నని రంధ్రాల నాజిల్ పెట్రోలును ఇంజనులోకి చల్లే ఏ బైకుకైనా, దాదాపు ఇదే.

మన దేశంలో ఇంజెక్షన్ బైకులు ఇటీవల వచ్చినవేమీ కావు. హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ 2006లో, పల్సర్ 220 డీటీఎస్-ఎఫ్ఐ 2007లో, యమహా ఆర్15 2008లో, క్లాసిక్ 500 2009లో వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు అమలు కావడంతో చిన్న బైకులు సైతం చాలావరకు ఇంజెక్షన్‌కు మారిపోయాయి. అంటే కరోనా రోజుల్లో కొని, ఆ తరువాత మూలన పెట్టిన బైకులు కూడా ఇప్పుడు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

తాళం ఎందుకు తిప్పకూడదు

కార్బురేటర్ బైకులో పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగి ఫ్లోట్ గిన్నెలో చేరుతుంది. అది అక్కడ ఎండి జిగురుగా మారితే జెట్టు, అంటే పెట్రోలు పోయే సన్నని రంధ్రం, మూసుకుపోతుంది. గిన్నె విప్పి, జెట్టు ఊది, శుభ్రం చేసి గంటలో తిరిగి బిగించుకోవచ్చు. ఇంజెక్షన్ బైకు సంగతి వేరు. ట్యాంకు అడుగున పెట్రోలులో మునిగి ఉండే ఒక చిన్న విద్యుత్ పంపు పెట్రోలును సాధారణంగా 2.5 నుంచి 3.5 బార్ల పీడనంతో ఇంజెక్టరుకు పంపుతుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు "జుయ్" మని వినిపించి ఆగిపోయే శబ్దం దానిదే. ఆ పంపును చల్లబరిచేదీ, దానికి కందెనగా పనిచేసేదీ కూడా పెట్రోలే. ట్యాంకు అడుగున తుప్పు, జిగురు, నీరు పేరుకుని ఉండగా తాళం తిప్పితే పంపు మొదట మింగేది వాటినే. లేదా పంపు అప్పటికే జిగురుతో పట్టేసి ఉంటే, తిరగలేక ఎక్కువ కరెంటు లాగి, ఫ్యూజు కొట్టేస్తుంది, ఒక్కోసారి లోపలి తీగచుట్ట కాలిపోతుంది. పంపు దాటి వెళ్లిన సన్నని తుప్పు పొడి ఇంజెక్టరు రంధ్రాలలో చేరితే ఖర్చు రెట్టింపవుతుంది.

కొత్త బ్యాటరీ వేసి అరగంట సేపు సెల్ఫ్ కొట్టడం వల్ల బాగైన బైకును నేను ఇంతవరకు చూడలేదు, పాడైనవాటిని మాత్రం మా వీధిలోనే రెండు చూశాను. కిక్కు ఉంది కదా, తన్ని చూద్దామనుకోవడం కూడా వృథా శ్రమే. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన ఇంజెక్షన్ బైకులో పంపుకూ, ఇంజనును నడిపించే కంప్యూటరుకూ కరెంటు అందదు కనుక ఎన్ని కిక్కులు కొట్టినా అది సాధారణంగా పలకదు.

పాత పెట్రోలు పాడయ్యే తీరులో ఇథనాల్ పాత్ర కూడా ఉంది. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం 2022 నాటికి దేశమంతటా అమలైంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం మిశ్రమం 2025 నాటికి మామూలు పెట్రోలు అయిపోయింది. అంతకుముందు అమ్మిన పెట్రోలులోనూ కొంత ఇథనాల్ ఉండేది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పంపు పీల్చే నోరు ఉండేది సరిగ్గా అక్కడే. కాకినాడలాంటి సముద్రతీరపు గాలిలో, సగం ఖాళీగా ఉన్న ఇనుప ట్యాంకులో ఐదేళ్లలో ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ముందు కళ్లతో, ముక్కుతో చూడవలసినవి

బైకును ఆరుబయటికి, నీడలోకి తీసుకురండి. ఈ పని గదిలో చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేల మీదుగా పాకి, పక్క గదిలో వెలుగుతున్న దేవుడి దీపం వరకూ పోగలదు. ఒక బకెట్ పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి. పాత బ్యాటరీ ఇంకా బైకులోనే ఉంటే మొదట నెగటివ్ తీగను, తరువాత పాజిటివ్ తీగను విప్పి బయట పెట్టండి. బ్యాటరీ పెట్టె అడుగున తెల్లని పొడి కనబడితే వంట సోడా కలిపిన నీటితో కడిగి ఆరనివ్వండి.

తరువాత సీటు, పక్క మూతలు విప్పి వైర్లను వేలితో తడుముతూ పోవాలి. ఎలుకలకు వైర్ల పైపూత ఎందుకంత ఇష్టమో తెలియదు కానీ, నిలిచిపోయిన బైకుల్లో నేను చూసిన విద్యుత్ లోపాలలో సగానికి సగం వాటి పంటి గుర్తులే. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పితే మాకు గుప్పెడు కొబ్బరి పీచు, నమిలిన దూది, ఎండిపోయిన బల్లి ఒకటి దొరికాయి. బైకును అలాగే స్టార్ట్ చేసి ఉంటే అది ఇంజను లోపలికి పోయే ప్రమాదముండేది. సైలెన్సర్ గొట్టంలోకి టార్చి వేసి చూడండి, కుమ్మరి పురుగు అక్కడ మట్టి గూడు కట్టుకోవడం సర్వసాధారణం. కొయ్య పుల్లతో ఆ మట్టిని బయటికే లాగాలి, లోపలికి నెట్టకూడదు.

ఇప్పుడు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. మంచి పెట్రోలు వాసన ముక్కుకు గుప్పున తగులుతుంది. చెడిన పెట్రోలు పాత వార్నిషు డబ్బా మూత తీసినప్పటిలా పుల్లగా, మందంగా ఉంటుంది. ఆ వాసన వస్తే మిగిలిన పరీక్షలతో నిమిత్తం లేకుండా ట్యాంకు దించవలసిందే. వాసన బాగున్నా, రెండేళ్లు దాటిన బైకైతే దించడమే మంచిదని నా అభిప్రాయం.

ట్యాంకు

పంపు నుంచి ఇంజెక్టరుకు వెళ్లే గొట్టంలో పాత పీడనం కొంత మిగిలి ఉండవచ్చు. ఐదేళ్ల తరువాత అది ఉండకపోవడమే సహజం కానీ, గొట్టం విప్పేటప్పుడు చుట్టూ గుడ్డ చుట్టి, ముఖం దూరంగా పెట్టి విప్పండి. కొన్ని బైకుల్లో ఆ గొట్టానికి నొక్కి లాగే క్లిప్పు ఉంటుంది, కొన్నిటిలో బోల్టు ఉంటుంది. క్లిప్పు ప్లాస్టిక్ ఎండి పెళుసెక్కి ఉంటుంది కనుక బలవంతం చేయకుండా చుక్క నూనె వేసి పావుగంట ఆగండి. పంపు వైర్లు కలిసే కప్లర్‌ను విడదీసి, ట్యాంకు బోల్టులు తీసి, ఇద్దరు కలిసి పైకి ఎత్తండి.

పాత పెట్రోలును ముందుగా ఒక గాజు సీసాలో కొంచెం పట్టి చూడమని చెబుతాను. మేము పట్టింది చిక్కని టీ డికాక్షన్ రంగులో ఉంది. అరగంట కదపకుండా ఉంచితే అడుగున వేలెడు మందాన మరో పొర విడివడి, రెండింటి మధ్య గీత గీసినట్లు కనిపించింది. మా తోడల్లుడు ఆ సీసా చూశాక తాళం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఈ పెట్రోలును మంచి పెట్రోలులో కలిపి వాడుకోవచ్చని కొందరు అంటారు. ఇంజెక్షన్ బైకులో ఆ పని వద్దు. కాలువలో పోయడమూ వద్దు. మూత ఉన్న క్యానులో పట్టి, వాడేసిన ఇంజను ఆయిల్ సేకరించే పెద్ద గ్యారేజీకి అప్పగించడం ఉత్తమం.

ట్యాంకును తిరగేసి, పంపును ట్యాంకుకు పట్టి ఉంచే పళ్లెం చుట్టూ ఉన్న బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేస్తూ పంపును బయటికి తీయండి. పెట్రోలు గేజి తేలే కడ్డీ వంగకుండా పక్కకు తిప్పి తీయాలి. ఆ తరువాత లోపలికి టార్చి వేసి చూస్తే తుప్పు ఎంత ఉన్నదీ తెలుస్తుంది. అక్కడక్కడ గోధుమరంగు మరకలు మాత్రమే ఉంటే రెండు మూడు సార్లు తాజా పెట్రోలు పోసి కడిగితే సరిపోతుంది. వేలికి పొడి అంటుతున్నా, పెచ్చులు రాలుతున్నా తుప్పు వదిలించవలసిందే.

ఇందుకు మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) ఆమ్లం వాడేవారున్నారు. అది తుప్పుతో ఆగకుండా రేకునూ తింటుంది, పొరపాటున బయట ఒలికితే రంగునూ తింటుంది. కిరాణా కొట్లలోనూ, రసాయనాల దుకాణాలలోనూ దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నిదానంగా పనిచేసినా నమ్మకమైనది. పంపు ఉండే రంధ్రానికి సరిపడా ఒక ఇనుప రేకు కత్తిరించి, దాని కింద పాత లారీ ట్యూబు ముక్కను పెట్టి, పంపు బోల్టులతోనే బిగించండి. ట్యాంకుకు బయటివైపు అంతా ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయండి. లోపల జిడ్డు ఉంటే తుప్పు మీద మందు పనిచేయదు కనుక ముందు గిన్నెలు తోమే ద్రవం కలిపిన వేడినీటితో బాగా కుదిపి కడగండి. తరువాత లీటరు వేడినీటికి 70 నుంచి 80 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోయండి. క్లాసిక్ ట్యాంకుకు మొత్తం మీద కిలో పట్టింది. తుప్పు ఎక్కువగా ఉండేది పైభాగంలోనే, ఎందుకంటే పెట్రోలు తగలని చోటనే గాలీ తేమా ఆడతాయి. అందువల్ల సగం నింపి వదిలేస్తే లాభం లేదు. ఒక రోజు ఉంచి, మధ్యమధ్య పక్కకు ఒరగబెడుతూ, మర్నాడు చూడండి. ద్రవం ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుకు తిరిగి, లోపలి రేకు బూడిదరంగులో కనిపిస్తే పని అయినట్లే. కాకపోతే కొత్త ద్రావణంతో మరో పూట ఉంచాలి. మొండి పెచ్చులకు గుప్పెడు చిన్న నట్లను వేసి కుదపవచ్చు, కానీ వేసేటప్పుడు లెక్కపెట్టి వేయండి, తీసేటప్పుడు అదే లెక్క రావాలి. ఒక నట్టు మిగిలిపోతే అది ఏదో ఒక రోజు పంపు దగ్గరికి చేరుతుంది.

ద్రావణం పారబోశాక వంట సోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో రెండు సార్లు కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ఆమ్లం తాకిన శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే పది నిమిషాలలోనే మళ్లీ నారింజ రంగు ఎక్కుతుంది. ఎర్రటి ఎండ, జుట్టు ఆరబెట్టుకునే మిషను రెండూ ఉపయోగపడతాయి. మిషనును మాత్రం ట్యాంకులో పెట్రోలు వాసన పూర్తిగా పోయిందని నిర్ధారించుకున్న తరువాతనే వాడాలి. ఆరిన వెంటనే పావు లీటరు తాజా పెట్రోలులో చెంచాడు ఇంజను ఆయిల్ కలిపి లోపల అన్ని వైపులా తిప్పి తీసేయండి. ట్యాంకు లోపల పూసే రెండు డబ్బాల పూతలు కూడా బజారులో దొరుకుతాయి. నేను వాటి జోలికి పోను. సరిగా అంటుకోని పూత ఏడాదికో రెండేళ్లకో పొరలుగా ఊడి, తుప్పు చేసే పనే తానూ చేస్తుంది.

పంపు, గొట్టాలు, ఇంజెక్టర్

బయటికి తీసిన పంపు కింద వలలాంటి జల్లెడ సంచి ఒకటి ఉంటుంది. అది తేనెరంగు జిగురుతో గట్టిపడి ఉంటే శుభ్రం చేసే ప్రయత్నం మాని కొత్తది వేయండి. పంపును పరీక్షించడానికి వెడల్పాటి గిన్నెలో తాజా పెట్రోలు పోసి తిప్పి చూసేవారున్నారు. నిప్పురవ్వకు, పెట్రోలుకు మధ్య అంత చనువు నాకు నచ్చదు. రెండు తీగలకూ పొడవైన వైర్లు కలిపి, గిన్నెకు దూరంగా, బ్యాటరీ వద్ద మాత్రమే తీగను తాకించేటట్లు ఏర్పాటు చేసుకుంటే కొంత మేలు. అంతకన్నా మంచిది, శుభ్రమైన ట్యాంకులో బిగించి బైకు మీదే చూడడం. పంపును పొడిగా మాత్రం తిప్పకూడదు.

పంపు నుంచి పళ్లెం వరకు ట్యాంకు లోపలే ఉండే పొట్టి గొట్టం సంగతి చాలామంది మరచిపోతారు. అది లోపలా బయటా కూడా పెట్రోలులో నానుతూ ఉండవలసినది. కొట్లో దొరికే మామూలు పెట్రోలు పైపు ముక్కను అక్కడ వేస్తే కొన్ని నెలలలో ఉబ్బి, మెత్తబడి చీలుతుంది. అప్పుడు పంపు బాగానే తిరుగుతుంది, పీడనం మాత్రం రాదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. ట్యాంకులో మునిగి ఉండే గొట్టం కావాలని ప్రత్యేకంగా చెప్పి తెచ్చుకోవాలి. బయటి గొట్టం కూడా ఇంజెక్షన్ పీడనానికి తగినదే ఉండాలి. పంపు పళ్లెం కింద రబ్బరు వలయం పాతది మళ్లీ వేయవద్దు. వంద రూపాయలో రెండు వందలో ఆదా చేయబోయి ట్యాంకు రెండుసార్లు దించినవాడిని నేనే. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగించండి.

ఇంజెక్టర్‌ను తీసేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదాలి, లేకపోతే అది ఇంజనులోకి జారుతుంది. తీసిన తరువాత దాని రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో చూస్తే ఇలాంటి బైకుల్లో సాధారణంగా 10 నుంచి 15 ఓమ్‌ల మధ్య నిరోధం కనిపిస్తుంది. ఏమీ చూపకపోతే లోపలి తీగచుట్ట తెగినట్లు. విద్యుత్ బాగుండి రంధ్రాలు మాత్రం మూసుకున్నాయనుకుంటే అల్ట్రాసోనిక్ యంత్రం ఉన్న దుకాణంలో శుభ్రం చేయించడమే సరైన దారి, ఇప్పుడు చాలా జిల్లా కేంద్రాలలో ఆ వసతి ఉంది. రంధ్రాలలో సూది గుచ్చడం, తీగ దూర్చడం వంటివి చేస్తే జల్లు ఆకారం శాశ్వతంగా చెడుతుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త రబ్బరు వలయాలకు చుక్క ఇంజను ఆయిల్ రాసి, తిప్పకుండా నిటారుగా నొక్కండి.

ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ లోపలి నల్లని మసిని, దానికోసం అమ్మే క్లీనరును గుడ్డ మీద చల్లి తుడవండి, నేరుగా సెన్సార్ల మీద కొట్టవద్దు. అక్కడ రంగు చుక్క పెట్టి ఉన్న స్క్రూలు కర్మాగారంలో సరిచేసి పెట్టినవి. కార్బురేటరు రోజుల అలవాటుతో ఐడిల్ స్క్రూ అనుకుని వాటిని తిప్పితే, తిరిగి సరైన చోటికి తేవడం ఇంటి దగ్గర సాధ్యం కాదు.

ఇంజను

ట్యాంకులో నిమ్మ ఉప్పు నానుతున్న రోజునే ఇంజను పని మొదలు పెట్టవచ్చు. స్పార్క్ ప్లగ్గు చుట్టూ ఊది, ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సుమారు 10 మిల్లీలీటర్ల ఇంజను ఆయిల్ పోయండి. ఐదేళ్లలో సిలిండర్ గోడ మీది ఆయిల్ పొర జారిపోయి, పిస్టను రింగులు పొడి ఇనుము మీద కూర్చుని ఉంటాయి. ఒక రాత్రి ఆగి, సెంటర్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. చక్రంతో పాటు ఇంజను సాఫీగా కదిలితే అదృష్టమే. పట్టేసినట్లుంటే తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు ఆగి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపండి. కిక్కు మీద ఎగిరి తొక్కితే పగిలేది కిక్కు గేరే. మూడు రోజులకూ కదలకపోతే సిలిండర్ విప్పవలసిన పని, దానిని మంచి మెకానిక్‌కు వదిలేయండి.

కింద బోల్టు విప్పి పాత ఆయిల్ దించండి. అది పాలు కలిసిన కాఫీలా ఉంటే లోపల నీరు చేరినట్లు. అప్పుడు చవక ఆయిల్‌తో ఒకసారి కడిగి, తరువాత అసలు ఆయిల్ పోయాలి. ఫిల్టరు ఎలాగూ మార్చవలసిందే. ఆయిల్ గ్రేడు, కొలత మీ బైకు మాన్యువల్ ప్రకారమే ఉండాలి. కొత్త ఆయిల్ పోశాక, ప్లగ్గు బయటే ఉంచి, తాళం ఆపి, ఇరవై ముప్పై సార్లు కిక్కును నిదానంగా తొక్కండి. ఆయిల్ పంపు తిరిగి పైదాకా ఆయిల్ చేరడానికి ఇది చాలా ముఖ్యం. క్లాసిక్ 500 ఇంజనులో వాల్వులను కదిపే టాపెట్లు ఆయిల్ పీడనంతో పనిచేసే రకం కనుక, నిలవ ఉన్నంతకాలం అందులోని ఆయిల్ కారిపోయి ఉంటుంది. మొదట స్టార్ట్ చేసినప్పుడు కొద్ది నిమిషాలు టకటకమనే చప్పుడు రావడం సహజమే, ఆయిల్ నిండగానే అది తగ్గుతుంది.

కిక్కు లేని బైకైతే, ప్లగ్గు తీసి ఉంచి, ఇంజెక్టరు కప్లరునూ ఇగ్నిషన్ కాయిల్ కప్లరునూ విడదీసి, సెల్ఫ్‌తో మూడు నాలుగు సెకన్ల చొప్పున తిప్పాలి. కాయిల్ విడదీయకుండా తిప్పితే నిప్పురవ్వ ఎటు దూకుతుందో చెప్పలేము.

కరెంటు

బ్యాటరీ విషయంలో పొదుపు చేయకండి. ఐదేళ్లు చార్జింగు లేకుండా ఉన్న బ్యాటరీని రాత్రంతా చార్జరుకు పెట్టి బతికించినా, దానిని నమ్మి ఇంజెక్షన్ బైకును స్టార్ట్ చేయకూడదు. కొత్త బ్యాటరీ పూర్తిగా చార్జయ్యాక, కదపకుండా ఉంచితే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10 వోల్టులకు దిగువకు పడిపోతే కంప్యూటరు సరిగా పనిచేయదు, రవ్వ పడదు, పంపు నీరసిస్తుంది. అంతేకాక పెద్ద ఒంటి సిలిండర్ ఇంజన్లలో నీరసపు బ్యాటరీతో సెల్ఫ్ కొడితే ఇంజను వెనక్కి తన్ని, సెల్ఫ్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే ఒకవైపే పట్టే క్లచ్చు దెబ్బతినే ప్రమాదముంది. దాని మరమ్మతు ఖర్చుకు రెండు బ్యాటరీలు వస్తాయి.

బ్యాటరీ కలపకముందే ఫ్యూజులన్నిటినీ తీసి, కాళ్లకు పట్టిన పచ్చని చిలుమును సన్నని గరుకు కాగితంతో తుడిచి పెట్టండి. ఎర్తు తీగ ఛాసిస్‌కు బిగించిన చోట కూడా విప్పి శుభ్రం చేయండి, కారణం దొరకని ఇంజెక్షన్ లోపాలలో చాలావాటికి మూలం ఆ ఒక్క బోల్టే. కప్లర్లను ఒక్కొక్కటిగా విడదీసి కాంటాక్ట్ క్లీనరు చల్లి తిరిగి నొక్కండి. హ్యాండిలు మీద ఇంజను ఆపడానికి ఉండే కిల్ స్విచ్‌ను ఇరవై సార్లు అటూ ఇటూ కదపండి. ఆ స్విచ్ లోపల చిలుము పట్టి పంపుకు కరెంటు అందకపోతే, అంతా బాగున్నా బైకు మూగగా ఉంటుంది.

మొదటి స్టార్టు

ట్యాంకు ఎక్కించి, ఆ రోజే బంకులో పట్టించిన పెట్రోలు నాలుగైదు లీటర్లు పోయండి. కొత్త ప్లగ్గు, కొత్త ఎయిర్ ఫిల్టరు వేసి, బ్యాటరీ కలిపి, ఇప్పుడు మొదటిసారి తాళం తిప్పండి. పంపు చప్పుడు వినిపించాలి, మీటరులో ఇంజను బొమ్మ ఉన్న దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరాలి. చప్పుడు రాకపోతే సెల్ఫ్ కొట్టడం మాని ఫ్యూజు, రిలే, కిల్ స్విచ్, పంపు కప్లర్ అనే వరుసలో చూడండి. బైకు ఒరిగినప్పుడు ఇంజను ఆపే సెన్సార్ తలకిందులుగా బిగిసినా, సైడు స్టాండు స్విచ్ ఉన్న బైకుల్లో అది పట్టేసినా ఇంజను పలకదు. దీపం ఆరకుండా వెలుగుతూనే ఉన్నా, లెక్కగా మిణుకుతున్నా అది లోపం ఎక్కడున్నదో చెప్పే సంకేతం. పొడవు మిణుకులు, పొట్టి మిణుకులు విడివిడిగా రాసుకుని సర్వీసు మాన్యువల్‌తో పోల్చుకోవచ్చు.

తాళం నాలుగైదు సార్లు ఆపి వేస్తే గొట్టంలోని గాలి పోయి పెట్రోలు నిండుతుంది. ప్రతిసారీ పంపు ఆగేదాకా ఆగి, పళ్లెం చుట్టూ, గొట్టం కలిసేచోట వేలితో తడిమి తడి ఉందేమో చూడండి. ఒక్క చుక్క కారుతున్నా అక్కడితో ఆపాలి. తరువాత ఎక్సిలేటర్ అసలు తిప్పకుండా సెల్ఫ్ ఐదు సెకన్లు కొట్టి, అరనిమిషం విడవండి. ఎంత పెట్రోలు కావాలో కంప్యూటరే లెక్క వేసుకుంటుంది కనుక, పాత బుల్లెట్ అలవాటుతో ఎక్సిలేటర్ ఆడిస్తే ఆ లెక్క చెడుతుంది. మా బండి మూడో విడతలో ఒకసారి దగ్గి ఆగింది, నాలుగో విడతలో అందుకుంది. సిలిండర్‌లో పోసిన ఆయిల్ కాలి రెండు మూడు నిమిషాలు నీలిరంగు కలిసిన తెల్లని పొగ వస్తే కంగారు పడకండి. పది నిమిషాల తరువాతా ఆగకపోతే రింగుల సంగతి ఆలోచించాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు రావాలి, అంతకు తక్కువైతే చార్జింగు వైపు చూడవలసి ఉంటుంది.

ఇంజను పలికింది కదా అని రోడ్డెక్కకూడదు

బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చుకునేదే. పాతదంతా తీసి, మూత మీద రాసి ఉన్న గ్రేడులోనే (సాధారణంగా డాట్ 4) కొత్తది పోసి గాలి తీయించండి. డిస్కు బ్రేకు నొక్కి వదిలాక చక్రం బిగుసుకుపోతే, డిస్కును పట్టుకునే కాలిపర్‌లో పిస్టను తుప్పుతో పట్టేసిందని అర్థం, దానిని విప్పి రబ్బర్లు మార్చవలసిందే. డ్రమ్ము బ్రేకైతే విప్పి పొడి తుడిచి, ఇరుసుకు కొద్దిగా గ్రీసు పెడితే చాలు. గేరు వేయగానే బండి ఎగిరి ఆగిపోతుంటే క్లచ్చు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇంజను ఆపి, గేరులో పెట్టి, క్లచ్చు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే అవి సాధారణంగా విడిపోతాయి.

టైరు పక్కన చివర ఉండే నాలుగంకెలు చదవండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పదేళ్ల రబ్బరు మీద తడి రోడ్డున బ్రేకు వేయడం ప్రాణాలతో ఆట. ట్యూబులతో సహా మార్చాం. చైనును కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, గేరు ఆయిల్ పట్టించాం.

కాగితాల సంగతి కూడా ఈలోగా చూసుకోవాలి. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ గడువు దాటితే తనిఖీ చేయించి తిరిగి పొడిగించుకోవాలి. బీమా పోయి 90 రోజులు దాటితే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోయినట్లే. థర్డ్ పార్టీ బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా వీధి చివరి వరకు కూడా పోకండి.

మొదటి 50 కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే, తోసుకుని తిరిగి రాగలిగిన దూరంలో నడపండి. ప్రతి పది కిలోమీటర్లకు ఆగి పెట్రోలు వాసన, ఆయిల్ మరకలు, బ్రేకు వేడి చూడండి. మేము 300 కిలోమీటర్లకు ఆయిల్ మళ్లీ మార్చాం. కొత్తగా పోసినదే అయినా అందులో ఐదేళ్ల మురికి దిగి నల్లగా వచ్చింది. ఆ పూటే ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు సీసాలో పట్టి చూస్తే, ఈసారి సీసా అవతల పెట్టిన పేపరు అక్షరాలు చదవగలిగాం.

ఫిబ్రవరి చివర అతను తిరిగి వెళ్లేముందు బండిని మళ్లీ నిలవ చేయవలసి వచ్చింది. ఇంట్లో ఎవరైనా పక్షానికి ఒకసారి ఇరవై నిమిషాలు నడిపే వీలుంటే అంతకన్నా మంచిది లేదు. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మాత్రం మేలు చేయదు, సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరయ్యే వేడి అంతలో రాదు. వారింట్లో నడిపేవారు లేరు. అందుకని ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల ఆయిల్ కలిపిన పెట్రోలు తిప్పి తీసి, పంపు రంధ్రానికి ఆ ఇనుప రేకునే మళ్లీ బిగించాం. సైలెన్సర్ నోట్లో ఎర్ర గుడ్డ కుక్కి, కొస బయటికి వేలాడేటట్లు వదిలాం, రేపు ఎవరైనా తొందరపడి సెల్ఫ్ కొట్టబోతే కంట పడాలని. పంపును నూనె గుడ్డలో, దాని మీద ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఏ బోల్టుకు ఏ స్పానరో కాగితం మీద రాసి, బండి తాళాలతో కలిపి వాళ్ల అమ్మగారి బీరువాలో పెట్టాం.